ఇంజిన్ ఎవరిదైనా పర్లేదు, జాగ్వార్ జాగ్వార్‌లా ఉంటే చాలు

కొత్త ఫోన్ వస్తుందంటే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ప్రాసెసర్ ఏంటి?" 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 మన దేశానికి ఎగ్జినోస్ చిప్‌తో వస్తోందని తెలిసినప్పుడు ఎంత రచ్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. డిజైన్ అదే, కెమెరా అదే, స్క్రీన్ అదే. అయినా "అమెరికాలో స్నాప్‌డ్రాగన్ ఇచ్చి మనకి ఇదా?" అని చాలామంది అలిగారు. లోపల ఉన్న చిప్ మారితే ఫోనే మారిపోయినట్టు అనిపిస్తుంది మనకి.

కార్ల ప్రపంచంలో ఇప్పుడు ఇదే పంచాయితీ జాగ్వార్ మీద నడుస్తోంది. ఈ బ్రిటిష్ లగ్జరీ కంపెనీ 2024 నవంబర్‌లో తన సొంత దేశంలోనే కొత్త కార్ల అమ్మకాలు ఆపేసింది. 2025 చివర్లో ఆఖరి ఎఫ్-పేస్ ఫ్యాక్టరీ నుంచి బయటకొచ్చింది. ఇకపై పెట్రోల్ లేదు, డీజిల్ లేదు, వీ8 లేదు. వచ్చేవన్నీ ఎలక్ట్రిక్ కార్లే, అది కూడా లక్ష పౌండ్ల పైన రేటుతో. మన రూపాయల్లో కోటి పైమాటే, ఇక్కడి పన్నులు కలపకముందే.

దీని మీద యూట్యూబ్‌లో, గ్రూపుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట: "వీ8 లేని జాగ్వార్ ఇంకేం జాగ్వార్?" నేను ఈ మాటతో ఒప్పుకోను. జాగ్వార్ చరిత్ర ఒకసారి తిరగేస్తే, ఇంజిన్ మారడం వల్ల ఆ కంపెనీ దెబ్బతినలేదని అర్థమవుతుంది. ఎవరి కోసం, ఎంత రేటుకి, ఎలాంటి కారు చేస్తున్నామో మర్చిపోయినప్పుడల్లా దెబ్బతింది. ఇప్పుడు కూడా నా భయం మోటార్ గురించి కాదు, ఆ మతిమరుపు గురించే.

మనకెందుకు ఈ గొడవ?

నేను ఉండేది రావులపాలెంలో. ఇక్కడ జాగ్వార్ షోరూమ్ లేదు. 16వ నంబర్ హైవే మీద గౌతమి బ్రిడ్జి దాటే వేల బండ్లలో ఎప్పుడో ఒక జాగ్వార్ కనిపిస్తే ఫోన్ తీసి ఫొటో కొట్టుకుంటాం, అంతే. కానీ ఆ కంపెనీ ఓనర్ మాత్రం మాకు రోజూ కనిపిస్తాడు. అరటి గెలలు నింపుకుని మార్కెట్ యార్డుకి వచ్చే టాటా ఏస్ మీద ఉన్న టాటాయే జాగ్వార్ ఓనర్.

2008లో ఫోర్డ్ దగ్గర్నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్ రెండింటినీ కలిపి 230 కోట్ల డాలర్లకి టాటా మోటార్స్ కొనేసింది. ఈ రోజు టాటా ప్యాసింజర్ కార్ల కంపెనీ ఆదాయంలో పెద్ద వాటా ఈ జేఎల్‌ఆర్‌దే. 2025 సెప్టెంబర్‌లో సైబర్ దాడి జరిగి అక్కడి ఫ్యాక్టరీలు దాదాపు 5 వారాలు ఆగిపోతే, ఆ త్రైమాసికంలో జేఎల్‌ఆర్ నష్టాల్లోకి పోయింది, ఇక్కడ టాటా లెక్కలు కూడా తలకిందులయ్యాయి. డీమ్యాట్ అకౌంట్ తెరిచి టాటా షేర్లు కొనుక్కున్న కుర్రాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? కోవెంట్రీలో తీసుకునే నిర్ణయం వాళ్ల పోర్ట్‌ఫోలియోలో ఎరుపో ఆకుపచ్చో అవుతుంది.

పైగా 2025 నవంబర్ నుంచి జేఎల్‌ఆర్ సీఈఓ కుర్చీలో ఉన్నది కూడా మన దేశం మనిషే, టాటా మోటార్స్ ఫైనాన్స్ చూసిన పీ.బీ. బాలాజీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ చెన్నైది, నార్టన్ టీవీఎస్ చేతిలో ఉంది, జాగ్వార్ టాటాది. పాత బ్రిటిష్ పేర్లని నిలబెట్టాలన్నా ముంచాలన్నా ఇప్పుడు బాధ్యత మనవాళ్లదే. అందుకే ఇది దూరపు కథలా నాకు అనిపించదు.

అసలు జాగ్వార్ అంటే ఏంటి?

1922లో బ్లాక్‌పూల్ అనే ఊళ్లో విలియం లయన్స్ తన పార్ట్‌నర్‌తో కలిసి మోటార్‌సైకిళ్లకి సైడ్‌కార్లు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత వేరే కంపెనీల ఛాసిస్, వేరే కంపెనీల ఇంజిన్ మీద అందమైన బాడీ కట్టి అమ్మాడు. అంటే మొదట్లో సొంత ఇంజిన్ అంటూ ఏమీ లేదు. చూడ్డానికి ఖరీదైన కారులా ఉండాలి, రేటు మాత్రం జనం నమ్మలేనంత తక్కువ ఉండాలి. అదే లయన్స్ ఫార్ములా.

సొంత ఇంజిన్ కథ రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైంది. బాంబులు పడితే మంటలు ఆర్పడానికి ఫ్యాక్టరీ దగ్గర రాత్రుళ్లు కాపలా కాయాల్సి వచ్చేది. ఆ డ్యూటీలో కూర్చుని విలియం హేన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ కొత్త ఇంజిన్ గురించి చర్చించుకునేవారు. అలా పుట్టిందే ఎక్స్‌కే ఇంజిన్: 6 సిలిండర్లు, 3.4 లీటర్లు, డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్. 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే120 కారులో దాన్ని చూపించారు. తర్వాతి ఏడాది బెల్జియం హైవే మీద ఆ కారు గంటకి 210 కి.మీ. దాటేసింది. 1951 నుంచి 1957 లోపు లె మాన్ రేసు 5 సార్లు గెలిచింది ఈ ఇంజినే. 1992 దాకా ఏదో ఒక రూపంలో తయారవుతూనే ఉంది. బ్రిటిష్ ఆర్మీ స్కార్పియన్ ట్యాంకులో కూడా దీన్నే పెట్టారు.

ఇక 1961లో వచ్చిన ఈ-టైప్ సంగతి. గంటకి 240 కి.మీ. వెళ్తుందని చెప్పిన ఆ కారు రేటు సుమారు 2,100 పౌండ్లు. అదే సమయంలో ఆస్టన్ మార్టిన్ డీబీ4 కొనాలంటే దాదాపు 4,000 పౌండ్లు పెట్టాలి. అంటే పక్కవాడి రేటులో సగానికే అంత స్పీడు, అంతకంటే మంచి లుక్కు.

మన భాషలో చెప్పాలంటే అప్పటి జాగ్వార్ ఒక ఫ్లాగ్‌షిప్ కిల్లర్. తొలి రోజుల్లో వన్‌ప్లస్ వన్ చేసిన పనిని లయన్స్ 60 ఏళ్ల ముందే కార్లలో చేసి చూపించాడు.

ఇంజిన్ మీద అభిమానం ముదిరితే

ఇప్పుడు ఒక సరదా కథ. 1968 తర్వాత జాగ్వార్ బ్రిటిష్ లేలాండ్ అనే పెద్ద గుంపులో ఒక భాగమైపోయింది. అదే గుంపులో రోవర్ కూడా ఉంది. రోవర్ దగ్గర ఒక వీ8 ఇంజిన్ ఉంది, అది కూడా అమెరికన్ బ్యూక్ డిజైన్ కొనుక్కుని తెచ్చుకున్నదే. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ వీ8ని తీసుకొచ్చి జాగ్వార్‌లో పెట్టేస్తారేమోనని జాగ్వార్ ఇంజనీర్లకి భయం పట్టుకుంది. అందుకని కొత్త ఎక్స్‌జే కారు, అంటే ఎక్స్‌జే40 డిజైన్ చేసేటప్పుడు వీ8 పట్టకుండా ఇంజిన్ బే కావాలనే ఇరుకుగా పెట్టారని చెప్పుకుంటారు.

వినడానికి భలే ఉంటుంది, "మా గుండె మాదే" అన్నట్టు. కానీ తర్వాత ఏమైంది? 1986లో ఆ కారు మార్కెట్లోకి వచ్చింది. వాళ్ల సొంత వీ12 ఇంజిన్ కూడా అందులో పట్టలేదు. ముందు భాగం మళ్లీ మార్చి వీ12 పెట్టేసరికి 1993 వచ్చింది. పక్కింటోడు రాకూడదని గుమ్మం ఇరుకు కట్టుకుంటే సొంత మంచం కూడా లోపలికి రాలేదన్నమాట.

ఇంజిన్ ఒక్కటే మా గుర్తింపు అని పట్టుకు కూర్చుంటే ఇలాంటి ఇబ్బందులే వస్తాయి.

ఫోర్డ్ కాలం: తప్పు ఎక్కడ జరిగింది?

1989లో ఫోర్డ్ దాదాపు 250 కోట్ల డాలర్లకి జాగ్వార్‌ని కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2001లో ఎక్స్-టైప్ వచ్చింది. కింద ఉన్నది ఫోర్డ్ మొండియో ప్లాట్‌ఫామ్. వీ6 ఇంజిన్ మూలం కూడా ఫోర్డే. 2003లో ఫోర్డ్ నుంచి తెచ్చిన 2 లీటర్ల డీజిల్‌ కూడా పెట్టారు. జాగ్వార్ చరిత్రలో అదే మొదటి డీజిల్.

"ఇది డ్రెస్ వేసుకున్న మొండియో" అని జనం నవ్వారు. 8 ఏళ్లలో మొత్తం 3,50,000 కార్లు అమ్ముడయ్యాయి. ఫోర్డ్ వేసుకున్న అంచనాల ముందు అది చాలా తక్కువ. 2009లో ఆపేశారు. అప్పటికి ఫోర్డ్ కంపెనీయే చేతులెత్తేసి టాటాకి అమ్మేసింది. ఒక్క జాగ్వార్‌కి పెట్టిన డబ్బులు, చివరికి రెండు కంపెనీలు అమ్మినా తిరిగి రాలేదు.

అందరూ దీన్ని చూపించి "చూశారా, అరువు ఇంజిన్ పెడితే ఇంతే" అంటారు. కానీ ఎక్స్-టైప్‌లో వేరే లోపం ఉంది. అది చూడ్డానికి పాత ఎక్స్‌జేకి చిన్న కాపీలా ఉంది. నడిపితే బీఎండబ్ల్యూ 3 సిరీస్ ముందు తేలిపోయింది. రేటు చూస్తే "ఇంత తక్కువకా!" అనిపించలేదు. ఆ కారు కొనడానికి ఒక్క గట్టి కారణం చెప్పమంటే ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ కారణం ఉండుంటే కింద మొండియో ఉందా ఇంకేదైనా ఉందా అని ఎవరూ వంగి చూసేవారు కాదు.

అరువు ఇంజిన్‌తో దర్జాగా బతికినవాళ్లు

ఈ మాటకి సాక్ష్యం మన రోడ్ల మీదే ఉంది. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్, 1248 సీసీ. 2007లో ఆ ఇంజిన్ మారుతీ స్విఫ్ట్‌లోకి వచ్చింది, తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా. టాటా ఇండికా విస్టా, మాంజాల్లో కూడా అదే. దేశమంతా ఆ ఇంజిన్‌కి "నేషనల్ ఇంజిన్" అని పేరు పెట్టేసింది. కోనసీమలో పెళ్లిళ్లకి, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకి తిరిగిన డిజైర్ డీజిల్ ట్యాక్సీల్లో చప్పుడు చేసింది ఇటాలియన్ ఇంజినే. స్విఫ్ట్ కొన్నవాళ్లలో ఎవరైనా "నేను ఫియట్ కొన్నాను" అనుకున్నారా? అదే ఇంజిన్ పెట్టి ఫియట్ స్వయంగా పుంటో అమ్మితే కొన్నవాళ్లు కొద్దిమందే. సర్వీస్, మైలేజీ మీద నమ్మకం, రీసేల్ అనే మూడు మాటలు మారుతీ దగ్గర ఉన్నాయి, ఫియట్ దగ్గర లేవు.

టాటా హారియర్ చూడండి. 2019లో వచ్చిన ఆ బండి ప్లాట్‌ఫామ్ ల్యాండ్ రోవర్ నుంచి వచ్చింది, 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఫియట్‌ది. టాటా దానికి క్రయోటెక్ అని పేరు పెట్టింది. హారియర్ ఓనర్లు ఎవరూ దాని గురించి సిగ్గుపడటం నేను చూడలేదు.

లగ్జరీలో కూడా అంతే. రేంజ్ రోవర్ 1970లో పుట్టినప్పుడే బ్యూక్ మూలం ఉన్న వీ8తో పుట్టింది. 2002 మోడల్‌లో బీఎండబ్ల్యూ వీ8, ఆ తర్వాత జాగ్వార్ వీ8, ఇప్పటి మోడల్‌లో మళ్లీ బీఎండబ్ల్యూ 4.4 లీటర్ల వీ8. ఇన్నిసార్లు గుండె మార్చుకున్నా రేంజ్ రోవర్ అంటే రేంజ్ రోవరే. ఎత్తుగా కూర్చోవాలి, ఎక్కడికైనా వెళ్లాలి, లోపల రాజాలా ఉండాలి. ఆ మాట మారలేదు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కార్‌లో ఉన్నది కూడా బీఎండబ్ల్యూ వీ12. దాన్ని ఎవరూ "నకిలీ బ్రిటిష్" అనరు.

ఆస్టన్ మార్టిన్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు దాని వీ8 మెర్సిడెస్-ఏఎంజీ నుంచి వస్తుంది. "ఛీ, జర్మన్ ఇంజినా" అన్నవాళ్లు ఉన్నారు. కానీ డీబీ పేర్లకి కారణమైన డేవిడ్ బ్రౌన్, ఆస్టన్ మార్టిన్‌తో పాటు లగోండా అనే కంపెనీని కూడా కొన్నదే దాని 6 సిలిండర్ల ఇంజిన్ కోసం. ఆ ఇంజిన్ తయారైంది డబ్ల్యూ.ఓ. బెంట్లీ పర్యవేక్షణలో. అంటే ఆస్టన్ "అసలు గుండె" అని మనం మురిసిపోయేది కూడా బయట నుంచి తెచ్చుకున్నదే. ఆ కంపెనీ ఇప్పటికీ నష్టాల్లో ఉందన్నది నిజమే. కానీ ఆ నష్టాలకి ఏఎంజీ ఇంజిన్ కారణమని చెప్పడానికి లేదు. ఆ ఇంజిన్ లేకపోతే సొంతంగా కొత్త వీ8 చేసుకునే డబ్బులు దాని దగ్గర ఎక్కడివి?

బుల్లెట్‌ని చూసి నేర్చుకోవాల్సింది

ఇంజిన్‌కీ బ్రాండ్‌కీ అసలు సంబంధమే లేదని నేను అనట్లేదు. సంబంధం ఎలా ఉండాలో రాయల్ ఎన్‌ఫీల్డ్ చూపించింది. ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ కంపెనీ బండ్లు 1955 నుంచి మద్రాసులో తయారవుతున్నాయి. అక్కడి అసలు కంపెనీ మూతపడినా ఇక్కడ బతికింది. పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ అంటే మెకానిక్కులకి ప్రాణం. ఆయిల్ కారుతుంది, కిక్ కొడితే కాలికి తిరిగి తగులుతుంది, కానీ ఆ డుగ్ డుగ్ శబ్దం వీధి చివర్లో ఉండగానే ఫలానా ఆయన వస్తున్నాడని చెప్పేస్తుంది.

2009 ప్రాంతంలో దాన్ని తీసేసి కొత్త యూసీఈ ఇంజిన్ పెట్టారు. "బుల్లెట్ చచ్చిపోయింది" అన్నారు పాతవాళ్లు. 2020లో అది కూడా మార్చి జే-సిరీస్ తెచ్చారు, వైబ్రేషన్ తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్‌తో. మళ్లీ అదే ఏడుపు. కానీ కంపెనీ ఒక పని తెలివిగా చేసింది. ఒకటే సిలిండర్ ఉంచింది. పాత 350లో బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. కొత్తదాంట్లో 72, 85.8. ఇప్పటికీ లాంగ్ స్ట్రోకే. కింది గేర్లు మార్చకుండా నెమ్మదిగా లాగే ఆ గుణం, ఆ నడక, ఆ కూర్చునే తీరు అలాగే ఉన్నాయి. రేటు కూడా మామూలు ఉద్యోగి ఈఎంఐకి అందేలా ఉంచారు. 2024-25లో అమ్మకాలు మొదటిసారి 10 లక్షల బండ్లు దాటాయి.

మా పక్కనే ఉన్న ఆత్రేయపురం పూతరేకులు కూడా ఇంతే. పంచదార పెట్టండి, బెల్లం పెట్టండి, డ్రై ఫ్రూట్స్ పెట్టండి. రేకు పల్చగా ఉండి నోట్లో కరిగిపోతే అది పూతరేకే. రేకు మందమైతే లోపల జీడిపప్పు ఎంత దట్టించినా లాభం లేదు. ఏది మార్చొచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్న తేడా తెలియాలి.

సొంత ఇంజిన్ పెట్టినా గట్టెక్కలేదు

టాటా వచ్చాక జాగ్వార్‌కి అరువు బాధ తప్పింది. వోల్వర్‌హాంప్టన్‌లో కొత్త ఇంజిన్ ఫ్యాక్టరీ కట్టారు, 2014లో బ్రిటన్ రాణి వచ్చి ప్రారంభించారు. అక్కడ పుట్టిన ఇంజీనియం ఇంజిన్‌ని 2015లో ఎక్స్‌ఈ కారులో పెట్టారు. సొంత ఇంజిన్, అల్యూమినియం బాడీ, మంచి హ్యాండ్లింగ్. రివ్యూలు కూడా బాగానే వచ్చాయి.

అయినా జనం 3 సిరీస్, సీ క్లాస్, ఏ4 వదిలి రాలేదు. పైగా అదే ఏడాది ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కుంభకోణం బయటపడింది. యూరప్‌లో డీజిల్ అంటేనే జనం జంకడం మొదలైంది. జేఎల్‌ఆర్ అమ్మకాల్లో ఎక్కువ భాగం డీజిలే. 2018లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,80,000 జాగ్వార్లు అమ్ముడైతే, కొన్నేళ్లలో ఆ సంఖ్య సగం కంటే కిందికి పడిపోయింది. సొంత ఇంజిన్ ఉంటే చాలు అనేవాళ్లు ఈ 10 ఏళ్ల లెక్క ఒకసారి చూడాలి.

ఎలక్ట్రిక్ అంటే ద్రోహమా?

2021 ఫిబ్రవరిలో అప్పటి సీఈఓ థియరీ బొలోరే 2025 నుంచి జాగ్వార్ పూర్తిగా ఎలక్ట్రిక్ అని ప్రకటించాడు. దాదాపు సిద్ధమైన ఎలక్ట్రిక్ ఎక్స్‌జేని కూడా పక్కన పడేశాడు. 2024 నవంబర్‌లో కొత్త లోగో, రంగురంగుల బట్టల్లో మోడల్స్ ఉన్న ఒక యాడ్ వచ్చాయి. ఆ యాడ్‌లో కారే లేదు. "మీరు కార్లు అమ్ముతారా?" అని ఇలాన్ మస్క్ కూడా వెటకారం చేశాడు. డిసెంబర్‌లో టైప్ 00 అనే కాన్సెప్ట్ చూపించి, రాబోయే కారు ఒక్క చార్జ్‌తో డబ్ల్యూఎల్‌టీపీ లెక్కన 770 కి.మీ. దాకా వెళ్తుందని, 15 నిమిషాల చార్జింగ్‌తో 321 కి.మీ. వస్తుందని చెప్పారు.

ఎలక్ట్రిక్ అనే నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. జాగ్వార్ పేరు వినగానే ఎగ్జాస్ట్ గర్జనే గుర్తొస్తే, మీ మనసులో ఉన్నది ఎఫ్-టైప్ మాత్రమే. 1972లో వచ్చిన ఎక్స్‌జే12 సెడాన్‌ని మెచ్చుకున్నది దాని నిశ్శబ్దానికి. 5.3 లీటర్ల వీ12 తిరుగుతున్నా లోపల కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు. గోతుల మీద పడవలా తేలుతూ, యాక్సిలరేటర్ నొక్కితే చప్పుడు లేకుండా దూసుకుపోవడం జాగ్వార్ సెడాన్ గుణం. అది ఎలక్ట్రిక్ మోటార్‌కి పుట్టుకతో వచ్చే గుణం. మోటార్ దృష్ట్యా చూస్తే జాగ్వార్ దారి తప్పలేదు.

2018లోనే ఐ-పేస్ తెచ్చి మెర్సిడెస్, ఆడీల కంటే ముందు నిలబడింది కూడా జాగ్వారే. 2019లో వరల్డ్ కార్ ఆఫ్ ద ఇయర్ దానికే వచ్చింది. ఆ ముందంజని అలా వదిలేయడమే పెద్ద నష్టం.

నా అసలు భయాలు

మొదటిది స్పెక్స్. ఎలక్ట్రిక్‌లో స్పీడు చవకైపోయింది. ఈ-టైప్ సుమారు 7 సెకన్లలో 60 మైళ్ల వేగం అందుకుంటే 1961లో ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఇప్పుడు మహీంద్రా బీఈ 6 టాప్ మోడల్ 6.7 సెకన్లలో 100 కి.మీ. అందుకుంటుందని కంపెనీ చెబుతోంది. మనం ఫోన్ల కంపెనీగా ఎరిగిన షావోమీ 2024లో ఎస్‌యూ7 కారు తెచ్చి ఆ ఏడాదే 1,30,000కి పైగా డెలివరీ చేసింది. పవర్, రేంజ్, చార్జింగ్ స్పీడ్ అనే అంకెలతో ఎవడూ ఎవడినీ గెలవలేని రోజులు ఇవి. ఫోన్లలో అందరి దగ్గరా అదే స్నాప్‌డ్రాగన్ ఉన్నట్టే. అప్పుడు గెలుపు సాఫ్ట్‌వేర్‌లో, ట్యూనింగ్‌లో, చేతికి తగిలే ఫీల్‌లో ఉంటుంది. సస్పెన్షన్, స్టీరింగ్, స్క్రీన్ రెస్పాన్స్, అప్‌డేట్లు. జాగ్వార్ పాత ఇంజిన్ మీద పెట్టిన మమకారమంతా ఇప్పుడు ఇక్కడ పెట్టాలి.

రెండోది గ్యాప్. 2011 ఫిబ్రవరిలో నోకియా తన సింబియన్‌ని వదిలేసి విండోస్ ఫోన్‌కి వెళ్తున్నామని ప్రకటించింది. మొదటి లూమియా బయటికి రావడానికి అక్టోబర్ దాకా పట్టింది. ఆ మధ్యలో, చచ్చిపోతుందని తెలిసిన ఫోన్‌ని ఎవరు కొంటారు? కస్టమర్ ఆండ్రాయిడ్ షాపులోకి నడిచి వెళ్లిపోయాడు, మళ్లీ తిరిగి రాలేదు. జాగ్వార్ అంతకంటే పెద్ద గ్యాప్ తనంతట తానే పెట్టుకుంది. డీలర్లు, మెకానిక్కులు, పాత ఓనర్లు ఇన్నాళ్లు ఖాళీగా ఎదురుచూస్తారన్న గ్యారంటీ లేదు.

మూడోది, అన్నిటికంటే పెద్దది, రేటు. లయన్స్ ఫార్ములా "సగం రేటుకే". లక్ష పౌండ్లు దాటితే ఆ ఫార్ములా పోయినట్టేనా? దీనికి జేఎల్‌ఆర్ తరఫున ఒక న్యాయమైన వాదన ఉంది. ఎక్స్‌ఈతో జర్మన్ల వెంట పరిగెత్తి, ఎక్కువ కార్లు తక్కువ లాభానికి అమ్మడం వల్లే మునిగిపోయారు. రేంజ్ రోవర్ తక్కువ కార్లతో ఎక్కువ సంపాదిస్తోంది. జాగ్వార్‌ని కూడా ఆ దారిలో పెట్టడం లెక్కల ప్రకారం సబబే. పైగా బెంట్లీ ఫ్లయింగ్ స్పర్ 2,00,000 పౌండ్ల పైనే ఉంది. దానితో పోల్చితే జాగ్వార్ ఇప్పటికీ సగం రేటే!

ఈ వాదన నాకు నచ్చింది, కానీ ఒక షరతు మీద. కొనేవాడు కారులో కూర్చుని "ఇది నిజంగా బెంట్లీ స్థాయే, సగానికే వచ్చింది" అనుకోవాలి. అలా కాకుండా "ఇందులో సగం డబ్బుకి ఇంతకంటే మంచి చైనా కారు వస్తుంది కదా" అనుకుంటే, మళ్లీ ఎక్స్-టైప్ కథే. ఈసారి ఇంకా ఖరీదైన ఎక్స్-టైప్.

టాటా నుంచి నేను ఆశిస్తున్నది

టాటాకి ఈ లెక్క తెలియనిది కాదు. 2005లో ఏస్ చేసినప్పుడు ఇండికా 1.4 లీటర్ల డీజిల్‌ని సగానికి కోసినట్టు 2 సిలిండర్లతో, 702 సీసీ ఇంజిన్ చేశారు. గొప్ప ఇంజిన్ అని ఎవరూ అనలేదు. కానీ ఆటో కంటే ఎక్కువ మోయాలి, లారీ వెళ్లలేని సందులోకి వెళ్లాలి, చిన్న రైతు, చిన్న వ్యాపారి కొనగలగాలి అన్న మాట మీద నిలబడ్డారు. దేశంలో ఆ బండికి ఒక చరిత్రే ఉంది. అరటి గెలల బండికి పనిచేసిన ఆలోచన కోటి రూపాయల కారుకి కూడా పనిచేస్తుంది: ఎవరి కోసం, ఎంతకి, దేనికోసం.

ఈ ఏడాది జాగ్వార్ కొత్త కారు పూర్తిగా బయటపెడతామంటోంది. అది వచ్చినప్పుడు అందరూ హార్స్ పవర్ చూస్తారు, లోగో మీద మీమ్స్ వేస్తారు, వీ8 కోసం కన్నీళ్లు పెడతారు. నేను మాత్రం మూడు విషయాలు చూస్తాను. ఒకటి, పాడైన రోడ్డు మీద ఎక్స్‌జే12లా తేలుతుందా? రెండు, రెండేళ్ల తర్వాత కూడా సాఫ్ట్‌వేర్ కొత్తగా, బగ్గులు లేకుండా ఉంటుందా? మూడు, రేటు చూసిన వెంటనే "ఇంతకేనా!" అనిపించే వేరే కారు ఏదైనా దాని పైన ఉందా?

మూడింటికీ "అవును" అని వస్తే, కింద ఎవరి మోటార్ ఉన్నా నాకు అనవసరం. అది జాగ్వారే. ఒక్కదానికి కూడా "అవును" రాకపోతే, రేపు పాత ఎక్స్‌కే ఇంజిన్ తెచ్చి బిగించినా ప్రయోజనం ఉండదు.